తెల్లారేసరికి మరిచిపోయే కంప్యూటరు

చిన్నకోడలిని ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదూ? పొద్దున్నే కుట్టుగది తలుపు తీసి, కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీది ఎర్రక్షరాలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న చోట. నిన్న సాయంత్రం గలగలా మాట్లాడిన కంప్యూటరు తెల్లారేసరికి మూతి బిగించుకుని కూర్చుంది. మొన్నా ఇదే వరస. వర్చువలైజేషన్ ఆపి ఉంది, కనక లోపలి కంప్యూటరు లేవదు అంటుంది. ఇంతలో వెనక గుమ్మంలోంచి బావగారి గొంతు వినబడింది.

“ఏమ్మా, మళ్లీ నిద్రపోయిందా?”

ఆ పొడుగు మాట చూసి కంగారు పడనక్కరలేదు. చిన్నకోడలికి కూడా మొదట్లో నాలుక తిరగలేదు. సంగతి మాత్రం చిన్నదే. మామగారు పోతూ ఇంటికి వదిలి వెళ్లింది ఒక ఎంబ్రాయిడరీ మిషనూ, దానికి బొమ్మలు నేర్పే ఒక పాత కంప్యూటరూ. ఉరుములు ఉరిమిన రోజున కంప్యూటరు కాస్తా కాలి కూర్చుంది. మిషను గుండ్రాయిలా ఉంది, కానీ ఎంత మంచి గొంతయినా పాట చెప్పేవాళ్లు లేకపోతే ఏం పాడుతుంది? ఆ బొమ్మల ప్రోగ్రామేమో పాత కంప్యూటరు ఇంట పుట్టి పెరిగింది. కొత్తదాని గడప తొక్కనంటే తొక్కనంది.

అప్పుడు స్క్రూడ్రైవర్ వదిన ఒక ఉపాయం చెప్పింది. ఈవిడ పక్కవీధిలో కంప్యూటర్లు బాగుచేస్తుంది. ముడిలో పువ్వుకు బదులు స్క్రూడ్రైవరు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. కాలిపోగా మిగిలిన డిస్కులోంచి పాత కంప్యూటరు ప్రాణాన్ని జాగ్రత్తగా తీసి, ఎవరో ఆఫీసువాళ్లు వాడి అమ్మేసిన డెస్క్‌టాపు కడుపులో పెట్టింది. కంప్యూటరు లోపల కంప్యూటరన్న మాట. “అయితే ఇప్పుడిది వట్టి మనిషి కాదన్నమాట, బరువులు మొయ్యనివ్వకండి,” అంది అత్తగారు అది విని. అలా ఒకటి ఇంకోదాన్ని మొయ్యాలంటే డెస్క్‌టాపు ఎముకల్లోనే ఒక ఒప్పుదల ఉండాలట. దాని పేరే ఆ పొడుగు మాట. కంపెనీలో పుట్టినప్పుడు ఆ ఒప్పుదలని నిద్రపుచ్చి పంపుతారు. కావలసినవాళ్లు కంప్యూటరు ఇంకా కళ్లు నలుపుకుంటుండగానే ఒక మీట నొక్కి, నీలంరంగు తెర ఒకటి తెప్పించుకుని, అక్కడ దాన్ని లేపుకోవాలి. వదిన లేపింది. పాత కంప్యూటరు లోపల లేచి కూర్చుంది. మర్నాటికి మళ్లీ పడుకుంది. మళ్లీ లేపింది. లేపేసరికి రెండుసార్లూ పొద్దుపోయింది, కుట్టడం తెల్లారాకే అనుకున్నారు. ఇవాళ మళ్లీ పడుకుంది.

మరి ఇంత ఆరాటం దేనికంటే, అగ్నిమాపక కేంద్రం వాళ్ల చొక్కాల భుజాలకు మంటగుర్తు కావాలి. ఆ గుర్తు మొదటినుంచీ ఈ ఇంట్లోనే కుడతారు. ఆ మంట బొమ్మ లోపలి కంప్యూటరులో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. అది లేచి కుట్టిందా, కుట్టుగది నిలుస్తుంది. లేదా, బావగారి మాట నెగ్గుతుంది. మిషను అమ్మెయ్యాలి, ఆ గదిలో రెడీమేడ్ చొక్కాల అరలు పెట్టాలి అంటాడాయన. ముందు కొట్లో గుడ్డలు కత్తిరించి అమ్మే బావగారు మాటవరసకు ఏదీ అనే మనిషి కాదు. ఇనుప షావుకారికి కబురు కూడా పెట్టేశాడు. చిన్నకోడలేమో పంతానికి పోయి, “షావుకారు బండి వచ్చేలోగా మిషను కుట్టకపోతే నేనే దగ్గరుండి ఎక్కిస్తాను,” అని అత్తగారి ఎదట మాట ఇచ్చేసింది.

ఇదిగో, ఆ బండి వీధిలో ఆగిన చప్పుడు.

చిన్నకోడలు కుర్చీలోంచి లేచింది. మామూలుగా బావగారు గదిలోకి వస్తే తల దించుకుని పక్కకు జరిగే పిల్ల. ఇవాళ జరగలేదు.

“నిద్రపోలేదు బావగారూ. ఎవరో నిద్రపుచ్చారు.”

“ఎవరో అంటే?”

“రాత్రి నేను తలుపు దగ్గరికి వేసి వెళ్లేటప్పటికి బాగానే ఉంది. పొద్దున వచ్చేసరికి ఆపి ఉంది. మొన్నా అంతే. దానంతటది లేచి వెళ్లి ఆ నీలం తెరలో దిద్దుకుంటుందా? ఈ గది పోవాలని ఈ ఇంట్లో కోరుకునేది ఒక్కరే.”

అనేసింది. అనేశాక తెలిసింది ఎంత మాట అన్నదో. మాట జారితే తీసుకోలేం. బావగారు ఎర్రబడలేదు, అరవలేదు. చేతిలో గుడ్డలు కత్తిరించే కత్తెర ఉంది. ఆయనది ఎడమచేతి కత్తెర, కొట్లో ఇంకెవరు పట్టుకున్నా గుడ్డ నమిలేస్తుంది. దాన్ని మెల్లగా మూశాడు.

“నేనీ గది గడప తొక్కి ఎన్నేళ్లయిందో అమ్మనడుగు,” అన్నాడు. నిజమే, ఇప్పుడు కూడా గడప అవతలే నిలబడి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే స్క్రూడ్రైవర్ వదిన సంచీ భుజాన వేసుకుని వచ్చింది. ఆవిడ వెనకే ఇనుప షావుకారు. షావుకారు మనిషి పొట్టి, పొట్ట పెద్దది, మిషను చుట్టూ సంబంధం చూడడానికి వచ్చినట్టు ఒక చుట్టు తిరిగి, “బాగుందండీ, బరువైన పిల్ల,” అన్నాడు.

“ఇంకా ఇస్తామనలేదు మేము,” అంది చిన్నకోడలు.

“నాకేం తొందర లేదమ్మా. కుట్టినా ఇనుమే, కుట్టకపోయినా ఇనుమే.” అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చోబోయాడు. అది మామగారి స్టూలు, దాని మెత్తకు ఆయన కుట్టిన ఆకుల తొడుగు ఉంటుంది. “అది కాదు, ఇటు కూర్చోండి,” అంటూ అత్తగారు కుర్చీ జరిపింది. టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

వదిన కంప్యూటరు ముందు కూర్చుంది. “నేను దిద్దాను, భద్రం చెయ్యమన్నాను, పూర్తిగా ఆపి మళ్లీ లేపాను. నా చేతులతో చేశాను. ఇది ఎవరో కావాలని మార్చిన పనే అయ్యుండాలి మరదలా, లేకపోతే…”

“విన్నారా బావగారూ?”

“ఆపింది నేనే,” అంది అత్తగారు.

చిన్నకోడలు గిరుక్కున వెనక్కి తిరిగింది. అత్తగారా? రాత్రుళ్లు పడుకోబోయే ముందు, “నువ్వు నిలబెట్టాలే అమ్మాయ్, ఆ గది నాకు ఆయన్ని చూసినట్టుంటుంది,” అన్న మనిషా?

“అత్తయ్యా! మీకు ఆ నీలం తెర ఎలా తెలుసు?”

“నీలం తెరా? అదేం తెరే?” అత్తగారు పళ్లెం కింద పెట్టింది. “గోడ మీది స్విచ్చి ఆపాను. రోజూ ఆపుతాను. పొయ్యి మీట చూసుకుంటాను, కుళాయి బిగిస్తాను, గదిగదికీ వెళ్లి గోడమీది స్విచ్చిలన్నీ ఆపుకుంటూ వస్తాను. ఈ గది స్విచ్చి గుమ్మం బయటే ఉంది కదా, చెయ్యి చాపి ఒక్క నొక్కు. గోడల్లో కరెంటు మేలుకుని ఉంటే నాకు కంటి మీద కునుకు రాదు. మీ మామగారు ఉన్నప్పుడూ అంతే. ఇది తప్పని నాకేం తెలుసు?”

షావుకారు టీ గుటకేసి, “మా ఇంట్లోనూ అంతేనండీ, ఫ్రిజ్జు ఒక్కటీ బతికిపోయింది,” అన్నాడు.

వదిన నవ్వలేదు. తలలోంచి స్క్రూడ్రైవరు తీసి దానితో గడ్డం గోక్కుంది. ఆవిడ ఆలోచిస్తోందనడానికి అదే గుర్తు.

“ఆగండాగండి. పిన్నిగారు ఆపింది కరెంటు. ఒప్పుదల కాదు. కరెంటు పోయినంత మాత్రాన కంప్యూటరు చెప్పిన మాట మరిచిపోకూడదు. ఊళ్లో రోజూ కరెంటు పోతూనే ఉంటుంది, అన్ని కంప్యూటర్లూ మరిచిపోతున్నాయా? మరదలా, పొద్దున దీన్ని లేపినప్పుడు తెర మీద ముందుగా ఏం వస్తుంది?”

“ఏవో తెల్లక్షరాలు రెండు వరసలు వస్తాయి. మీట నొక్కితే పోతాయి.”

“ఏం రాసుంటుంది?”

చిన్నకోడలు మొహం చిన్నబోయింది. “చదవలేదు వదినా. అమ్మిన ఆఫీసతను చెప్పాడు, అవి వస్తే ఎఫ్ వన్ కొట్టమ్మా, పోతాయి అని. రోజూ కొట్టేస్తున్నాను.”

“తలుపు తట్టి మాట చెప్పడానికి వచ్చినవాణ్ణి రోజూ గుమ్మంలోంచే పంపేస్తున్నావన్నమాట! ఇంకా ఏమైనా వింతలున్నాయా? గడియారం?”

“గడియారం సంగతి చెప్పలేదూ?” అంది అత్తగారు హుషారుగా. “పొద్దున్నే చూస్తే ఎప్పటిదో పాత తారీఖు చూపిస్తుంది. మాకందరికీ వయసు మీద పడుతుంటే దీనికి మాత్రం రోజూ తగ్గుతోందని నవ్వుకుంటాం. అమ్మాయి మళ్లీ సరిచేస్తుంది.”

వదిన ఒళ్లో ఉన్న సంచీ నేలమీద పెట్టేసింది. చిన్నకోడలి మొహంలోకి చూసింది. చిన్నకోడలూ ఆవిడ మొహంలోకే చూస్తోంది. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది.

“తారీఖు మరిచిపోతోంది,” అంది చిన్నకోడలు నెమ్మదిగా. “ఒప్పుదలా మరిచిపోతోంది. రెండూ ఒక్కచోటే మరిచిపోతోంది. అంటే దాన్ని ఎవరూ ఆపలేదు వదినా. దానికి గుర్తు పెట్టుకునే శక్తే లేదు.”

“విప్పు పక్క రేకు!”

గోడ స్విచ్చి ఆపి, పక్క రేకు విప్పారు. లోపల దుమ్ము గూడు కట్టుకుని ఉంది. చిన్నకోడలు చీరచెంగు దోపుకుని, మిషను దారాల పీచు దులిపే మెత్తటి కుంచెతో ఒక మూల తుడిచింది. అక్కడ చొక్కా గుండీ అంత వెండిరంగు బిళ్ల ఒకటి, చిన్న కొక్కెం కింద పడుకుని ఉంది. వదిన దాన్ని గోటితో లేపి తన మీటరుకు ఆనించింది. మీటరు ముల్లు లేవనే లేదు.

“చచ్చిపోయి చాలాకాలమైంది పాపం,” అంది వదిన. “ఇదే దీని జ్ఞాపకం. గోడలో కరెంటు ఉన్నంతసేపూ ఆ కరెంటుతో గుర్తుంచుకుంటుంది. పిన్నిగారు స్విచ్చి ఆపగానే ఈ బిళ్ల ఆసరా ఇవ్వాలి. బిళ్లే పోయింది. అంచేత రాత్రంతా అన్నీ మరిచిపోయి, పొద్దున్న పుట్టినప్పుడు ఎలా ఉందో అలా లేస్తోంది. పుట్టినప్పుడు ఒప్పుదల ఆపి ఉంది కదా, అలాగే ఆపి లేస్తోంది. ఆ తెల్లక్షరాలు ఇదే మొత్తుకుంటున్నాయి.”

చిన్నకోడలు గుమ్మం దాకా వెళ్లింది. గడప ఇవతల తను, అవతల బావగారు. ఆయన కళ్లలోకి చూడడానికి ధైర్యం చాలలేదు, కత్తెర వైపు చూసింది.

“బావగారూ, నోరు జారాను. మిమ్మల్ని అనరాని మాట అన్నాను. మనసులో పెట్టుకోకండి.”

“సర్లేమ్మా,” అన్నాడాయన. “ఇంట్లో మాట ఇంట్లోనే పోనీ.” అక్కడితో ఆగితే ఎంత బావుండును! ఆగలేదు. “కానీ ఒకటి చెప్పు. ఇవాళ లేపి కుట్టిస్తావు. రేపు? రోజూ రాత్రికి అన్నీ మరిచిపోయే దాన్ని నమ్ముకుని అగ్నిమాపకం వాళ్లకు మాట ఇస్తావా? అమ్మ స్విచ్చి ఆపకుండా పడుకోలేదు, అది నీకూ తెలుసు నాకూ తెలుసు. షావుకారు గారూ, మనుషుల్ని పిలవండి.”

“ఉండండి అన్నయ్యా!” వదిన సంచీ బోర్లించింది. తీగలు, మరలు, ఒక దువ్వెన, సగం తిన్న బిస్కెట్టు పొట్లం బయటపడ్డాయి. బిళ్ల లేదు. “నిన్ననే ఆఖరిది వాడేశాను. ఈ బిళ్లలమ్మే కొట్టు తియ్యడానికి ఇంకా టైముంది. అరగంట ఆగితే…”

“నాకు ఇంకో చోట కూడా ఇనుముందమ్మా,” అన్నాడు షావుకారు లేస్తూ.

అప్పుడు జరిగింది ఎవరూ అనుకోనిది. బావగారు చొక్కా జేబులోంచి ముందు కొట్టు షట్టరు లేపే రిమోటు తీశాడు. వెనక మూత బొటనవేలితో తోసి, లోపలి బిళ్ల ఎడమ అరచేతిలోకి దొర్లించాడు. గడప దాటకుండానే చెయ్యి చాపాడు.

“ఇదే సైజు,” అన్నాడు. “అక్షరాలున్న వైపు పైకి రావాలి. ఇలాంటివి అప్పుడప్పుడూ మారుస్తుండాలి.”

వదిన తెల్లబోయింది. “మీకెలా తెలుసన్నయ్యా?”

“ఎవరో అంటే విన్నాను.” ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. చిన్నకోడలు ఆ మాటని కొంగుకు ముడేసుకుంది. విప్పి చూడడానికి అది సమయం కాదు.

బిళ్ల కొక్కెం కింద టిక్కుమని కూర్చుంది. రేకు మూశారు. స్విచ్చి వేశారు. ఈసారి చిన్నకోడలే మీట నొక్కింది. నీలం తెర వచ్చింది. మొదటిరోజు దాన్ని చూసి పాముపుట్ట చూసినట్టు జడుసుకున్న పిల్ల, ఇప్పుడు బాణం గుర్తులతో ఒక్కో గదీ దాటుకుంటూ వెళ్లి ఆ పొడుగు మాట దగ్గర ఆగింది. ఆపి ఉన్నదాన్ని లేపింది. తారీఖు దిద్దింది. భద్రం చెయ్యమంది.

“అయిపోయిందా?” అన్నాడు షావుకారు.

“కాలేదు.” చిన్నకోడలు కంప్యూటరు పూర్తిగా ఆపేసి అత్తగారి వైపు తిరిగింది. “అత్తయ్యా, మీ పని మీరు చెయ్యండి.”

“ఏ పని?”

“రాత్రి పనే. వెళ్లి స్విచ్చి ఆపెయ్యండి.”

“అమ్మో! ఇంత కష్టపడి చేసింది నా చేత పాడు చేయిస్తావా?”

“పాడయితే ఇప్పుడే అందరి ముందూ పాడవనివ్వండి. రేపెవరూ నన్ను ఒక మాట అనక్కర్లేదు.”

బావగారు గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని తల్లికి దారిచ్చాడు. అత్తగారు కొంగు సర్దుకుంది. రోజూ చీకట్లో, ఆవులింతల మధ్య, చెయ్యి చాపి చేసే పని. ఇప్పుడు ఇంతమంది చూస్తుంటే, పెద్ద భవనానికి తాళం తీస్తున్నదానిలా తల ఎత్తి, నెమ్మదిగా నొక్కింది. టక్. కంప్యూటరు వెనక మెరిసే చిన్న పచ్చదీపం ఆరిపోయింది. అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. షావుకారు మరోసారి టీ అడగబోయి, మొహాలు చూసి ఊరుకున్నాడు.

“చాలు, నిద్ర బాగా పట్టుంటుంది,” అంది వదిన. “లేపండి పిన్నిగారూ.”

టక్.

చిన్నకోడలు కంప్యూటరు మీట నొక్కి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఎఫ్ వన్ మీద వేలు పెట్టలేదు. తెల్లక్షరాలు వస్తే ఈసారి చదవాలనే కూర్చుంది. రాలేదు. తెర ఒకసారి నల్లబడి, తేటపడి, నేరుగా తెరుచుకుంది. మూలన గడియారం ఇవాళ్టి తారీఖే చూపిస్తోంది. లోపలి కంప్యూటరు బొమ్మ మీద నొక్కింది. గిర్రున చిన్న చక్రం తిరిగింది. తిరిగింది. ఇంకా తిరిగింది. అంతలో, కిటికీలో కిటికీ తెరుచుకున్నట్టు, కొత్త కంప్యూటరు మధ్యలో మామగారి పాత కంప్యూటరు కళ్లు తెరిచింది. ఆయన పెట్టుకున్న అదే లేతపచ్చ తెర. ఆయన వదిలేసిన చోటే ఆయన బొమ్మల ప్రోగ్రాము.

“ఓరి నా తల్లే!” అని వదిన చిన్నకోడలి వీపు మీద ఒక్క చరుపు చరిచింది. అత్తగారు ఆ లేతపచ్చ తెరని కాస్త వంగి చూసింది, అంతే.

ఇక చిన్నకోడలి చేతులు ఆగలేదు. మంటగుర్తు తీసింది. చట్రంలో గుడ్డ బిగించింది, చేత్తో మీటితే డప్పులా మోగేటంత బిగువుగా. ఎర్రదారం, నారింజ, పసుపు ఎక్కించింది. మీట నొక్కింది. మిషను ఒక్కసారి గొంతు సవరించుకుని, తర్వాత ఇల్లంతా వినబడేలా దడదడలాడింది. ఎన్నాళ్లయింది ఆ చప్పుడు విని! వంటింట్లో గిన్నెలు సన్నగా మోగాయి. ముందు కొట్లో గుడ్డ కొనడానికి వచ్చిన ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టి లోపలికి తొంగిచూసింది. సూది పరిగెడుతుంటే అడుగునుంచి నారింజ నాలుకలు లేచాయి, వాటిమీద ఎర్రవి, నడుమ పసుపుపచ్చ మొన. ఆఖరి కుట్టు వేసి, దారం తనే తెంపుకుని, మిషను చల్లగా ఊరుకుంది.

చిన్నకోడలు ఆ మంటబిళ్ల కత్తిరించి షావుకారి చేతిలో పెట్టింది.

“ఇనుము కుట్టిందండీ.”

షావుకారు దాన్ని ఇటూ అటూ తిప్పాడు. ఆయన మంచిమనిషే, ఓటమి ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. “నా జన్మలో చాలా మిషన్లు విరగ్గొట్టానమ్మా. ఒక్కటీ నాకిలా సమాధానం చెప్పలేదు. పెద్దబాబుగారూ, ఇది నా వల్ల కాదు. దీని మీద సుత్తి వేస్తే చెయ్యి రాదు.” బిళ్ల తిరిగిచ్చి, బండి ఖాళీగా తోలుకుని పోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఖాళీబండి లొడలొడ వినబడుతూనే ఉంది. ఆ లొడలొడ చిన్నకోడలి చెవులకు సన్నాయిలా ఉంది.

“ఇంట గెలిచావు మరదలా, ఇంక రచ్చ నీదే,” అంది వదిన, స్క్రూడ్రైవరు మళ్లీ ముడిలో దోపుకుంటూ.

కథ ఇక్కడితో ఆగిపోతే అందరూ హాయిగా పడుకునేవారు. కానీ అత్తగారికి ముచ్చట తీరలేదు.

“అమ్మాయ్, ఆయన ఉన్నన్నాళ్లూ ఈ గదిలోకి నన్ను రానిచ్చేవారు కాదు. పనిలో ఉన్నాను, వెళ్లు అనేవారు. సూది బొమ్మ గీస్తుంటే ఇవాళే కళ్లారా చూశాను. ఇంకోటి కుట్టవూ?”

“ఏది కావాలో చెప్పండి అత్తయ్యా.” చిన్నకోడలు వరస కిందికి జరుపుకుంటూ పోయింది. పువ్వులు, ఆకులు, బడి చొక్కాల గుర్తులు. అన్నిటికీ కింద పేరు లేని బొమ్మ ఒకటుంది. “ఇదేమిటో తెలీదు. చూద్దామా?”

“అది వద్దు,” అన్నాడు బావగారు గుమ్మంలోంచి. “అది సగమే ఉంది.”

చిన్నకోడలి చెయ్యి ఆగిపోయింది. గది గడప తొక్కి ఎన్నేళ్లో అయిన మనిషికి, పేరు కూడా లేని బొమ్మ సగమే ఉందని ఎలా తెలుసు? బిళ్ల సైజు ఎలా తెలుసో ఇదీ అలాగే తెలుసా? కొంగున వేసుకున్న ముడి ఇప్పుడు దానంతటదే వదులయింది.

“సగమైనా సరే, చూస్తాను,” అంది అత్తగారు.

మిషను మళ్లీ అందుకుంది. నల్లదారంతో ఒక పిట్ట. రెక్క విప్పి ఎగరబోతున్న పిట్ట, ఈకకు ఈక కనబడుతోంది. దాని కింద ఒక అరచెయ్యి రాసాగింది. బొటనవేలు, దాని పక్క వేలు… అక్కడ సూది ఆగిపోయింది. దారం తెగలేదు. బొమ్మే అంతవరకు ఉంది.

అత్తగారు ఆ గుడ్డ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. చదువు రాని కళ్లే, కానీ కుట్టు చదవడంలో ఆ కళ్లకు సాటి లేదు. గుడ్డని వెలుగుకు అడ్డంగా పట్టింది. తర్వాత వంగి, మామగారి స్టూలు మీది ఆకుల తొడుగు వేలితో నిమిరింది. మళ్లీ పిట్టని నిమిరింది. ఆ తర్వాత, ఎందుకో ఆగి, మంటబిళ్ల కూడా అందుకుని నిమిరింది.

“మీ నాన్న గీసిన బొమ్మల కుట్టు కుడివైపుకు వాలుతుంది,” అంది, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. “ఇదిగో ఈ ఆకులన్నీ కుడికే. ఎన్నిసార్లు ఉతికానో, నా వేళ్లకు తెలుసు.” గుడ్డ పైకెత్తింది. “ఈ పిట్ట ఎడమకు వాలింది. ఈ మంటా ఎడమకే వాలింది. ఊరంతా మీ నాన్న చెయ్యి గొప్పదని మెచ్చుకున్న మంట.”

సూది కోసం సోదికి వెళితే పాత గుట్టు బయటపడ్డట్టయింది. చిన్నకోడలు బావగారి చేతిలోని కత్తెర వైపు చూసింది. ఇంట్లో ఇంకెవరి చేతికీ లొంగని ఎడమచేతి కత్తెర.

“పెద్దోడా,” అంది అత్తగారు. “ఈ చెయ్యి ఎవరిది రా? సగంలో ఎందుకు వదిలేశావు?”

బావగారి ఎడమచెయ్యి గుమ్మం పక్కన గోడ మీదికి, స్విచ్చి దాకా పోయింది. ఒక్క నొక్కుతో తెరా, పిట్టా, ప్రశ్నా అన్నీ ఆరిపోయేవే. కానీ ఈలోగా అత్తగారు కిటికీ దగ్గర్నుంచి ఎప్పుడు కదిలిందో, ఆవిడ చెయ్యి ముందే అక్కడ ఉంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆపడం తప్ప తెలియని చెయ్యి, ఇవాళ స్విచ్చి మీద మూతలా కప్పుకుని ఉంది.

“ఆపనివ్వను,” అంది. “ఆ మిగతా సగం ఏమయిందో చెప్పాకే ఈ స్విచ్చి ఎవరైనా ముట్టుకునేది.”

బావగారు తల్లి చేతి వైపు చూశాడు. తర్వాత కిందికి, గడప వైపు చూశాడు. కత్తెర గుమ్మం పక్కనున్న కొలతబల్ల మీద పెట్టి, ఎన్నేళ్ల తర్వాతో, కుడికాలు ఎత్తి లోపల పెట్టాడు.